నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి

2025 జనవరి 30న జపాన్‌లో సుజుకీ కంపెనీ ‘జిమ్నీ నోమేడ్’ పేరుతో ఐదు తలుపుల చిన్న బండిని ప్రకటించింది. నెలకు 1,200 బండ్లు అమ్మాలన్నది కంపెనీ లెక్క. నాలుగు రోజుల్లో దాదాపు 50,000 ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఇక మావల్ల కాదంటూ ఫిబ్రవరి 3న బుకింగులు ఆపేశారు. ఇంతకీ ఆ బండి తయారయ్యేది మన గురుగ్రామ్‌లో. ఇక్కడి నుంచి ఓడెక్కి జపాన్ వెళ్తుంది. అదే బండి 2023 జూన్ 7 నుంచి మన షోరూముల్లోనూ ఉంది. షోరూమ్ ధర రూ.12.74 లక్షల నుంచి మొదలైంది. ఇక్కడ మాత్రం దానికోసం జనం అంతలా ఎగబడలేదు. మహీంద్రా థార్ అమ్మకాల ముందు అది వెలవెలబోయింది.

తేడా ధర ఒక్కదాంట్లోనే లేదు. మంచు పడే కొండ ఊళ్లు, ఇరుకు అడవి దారులు ఉన్న జపాన్‌లో యాభై ఏళ్లుగా జిమ్నీని పనిముట్టులా వాడుకుంటున్నారు. మన దగ్గర కారంటే ఇంటి ముందు ఆపితే వీధంతా తిరిగి చూడాలి. ‘ఇంత డబ్బు పోసి ఇంత చిన్న బండా?’ అన్న దగ్గరే జిమ్నీ బేరం తెగిపోతుంది. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నే సరికాదు. నాలుగు చక్రాలూ లాగే బండిని చిన్నగా ఉన్నందుకే కొనాలి. ఆ చిన్నతనంతో పని పడే దారి మీకు ఉందా, లేదా? అడగాల్సింది అదీ.

మన రెండు రాష్ట్రాల్లో అలాంటి దారులకు కొదవ లేదు. పాడేరు, చింతపల్లి కాఫీ తోటలకు ఎక్కే ఎర్రమట్టి బాటలు ఉన్నాయి. మారేడుమిల్లి నుంచి గుడిస కొండ మీదికి, నల్లమలలో ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి రాళ్ల మీదుగానే పోవాలి. గోదావరి లంకల్లో ఇసుక, ఆదిలాబాద్ గూడేల దారుల్లో వాగులు. ఈ దారుల్లో రోజూ తిరిగేవాళ్లలో చాలామంది కొత్త బండి కొనలేరు. కొత్తది కొన్నవాళ్లలో చాలామంది ఈ దారుల మొహం చూడరు.

తేలికే బలం

ఈ బండి పుట్టుకలోనే దాని గుణం ఉంది. 1967లో జపాన్‌లో హోప్ మోటార్ కంపెనీ అనే చిన్న సంస్థ ‘ఆన్360’ అనే బుల్లి ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని తయారుచేసింది. పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది సుజుకీ దాని హక్కులు కొనేసింది. తన ఇంజిన్ పెట్టి, మార్పులు చేసి 1970లో ‘జిమ్నీ ఎల్‌జే10’గా విడుదల చేసింది. ఇంజిన్ 359 సీసీ, టూ స్ట్రోక్, గాలితో చల్లబడేది. మన పాత స్కూటరు ఇంజిన్లకు రెండింతలు పైచిలుకు, అంతే. బండి బరువు ఆరు వందల కిలోల లోపే. అంత చిన్న ఇంజిన్‌తో అది కొండలెక్కేది.

దాని తర్వాతి తరమే 1985 డిసెంబరులో మారుతీ జిప్సీగా మన దేశానికి వచ్చింది. 970 సీసీ ఇంజిన్, 45 గుర్రాల శక్తి. 1996లో 1300 సీసీ ఇంజిన్ పెట్టారు. 2000లో ఇంధనాన్ని చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్ వచ్చి శక్తి 80 గుర్రాలకు చేరింది. ముఖ్యమంత్రుల కాన్వాయ్‌ల ముందు సైరన్ వేసుకుని పరుగెత్తిన తెల్ల జిప్సీ మనకు గుర్తే. రణథంబోర్, కాజీరంగా సఫారీల్లోనూ అదే. సైన్యం వేల సంఖ్యలో కొని హిమాలయాల్లో తిప్పింది. చండీగఢ్ ర్యాలీ డ్రైవరు హరి సింగ్ జాతీయ ర్యాలీ ఛాంపియన్‌గా పేరు తెచ్చుకున్నది జిప్సీతోనే. కొత్త భద్రతా నిబంధనలు వచ్చేసరికి 2019లో మామూలు జనానికి దాని అమ్మకాలు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా సైన్యానికి సరఫరా కొనసాగింది.

జిప్సీ బరువు టన్నుకు అటూఇటూ. ఇప్పటి జిమ్నీ దాదాపు 1,200 కిలోలు. థార్ ఫోర్‌వీల్ అయితే టన్నున్నర దాటుతుంది. బురదలో ఏనుగు కూరుకుపోయిన చోట మేక దాటిపోతుంది. ఇంజిన్ శక్తి పెంచితే బండి వేగం పెరుగుతుందేమోగానీ, మెత్తటి నేల మోసే బరువు పెరగదు. దిగబడ్డ టన్ను బండిని నలుగురు మనుషులు, ఒక తాడు ఉంటే పైకి లాగొచ్చు. అంతకంటే బరువైతే ట్రాక్టరు రావాల్సిందే. వెడల్పు సంగతీ అంతే. జిప్సీ వెడల్పు 1,540 మిల్లీమీటర్లు, జిమ్నీ 1,645. ఎదురుగా ధాన్యం బస్తాల ఆటో వచ్చినప్పుడు పుంత దారిలో ఒక జానెడు జాగా ఎంత విలువైందో అక్కడివాళ్లకు తెలుసు.

రెండో రాడ్డు కథ

మామూలు కారులో ఇంజిన్ బలం రెండు చక్రాలకే అందుతుంది. ఈ బండ్లలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ‘ట్రాన్స్‌ఫర్ కేస్’ ఉంటుంది. గేర్ రాడ్డు పక్కన కనిపించే రెండో రాడ్డు దానిదే. టూ హెచ్‌లో వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హెచ్‌లో నాలుగూ లాగుతాయి. ఫోర్ ఎల్‌లో నాలుగూ లాగుతూనే వేగం సగానికి తగ్గి బలం రెట్టింపవుతుంది. జిమ్నీలో ఆ నిష్పత్తి సరిగ్గా 2.002. మొదటి గేరులో క్లచ్ వదిలేస్తే మనిషి నడకంత వేగంతో బండి తనంతట తానే పాకుతుంది. రాళ్ల మీద కావాల్సింది ఈ పాకుడే. 105 గుర్రాల ఇంజిన్ చాలదని పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి ఫోర్ ఎల్‌లో ఎక్కి చూడాలి.

ఎక్కడం కంటే దిగడంలో దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మారేడుమిల్లి వైపు ఒక పాత కమాండర్ జీపులో కొండ దిగుతున్నప్పుడు డ్రైవరు రెండో రాడ్డు లాగి, పాదాన్ని బ్రేకు మీద నుంచి తీసి పక్కన పెట్టేశాడు. వానకు కోసుకుపోయిన దారి, చెరో పక్క రెండు లోతైన గాడులు. వెనక కూర్చున్న వాళ్లం కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయాం. ఇంజిన్ గుర్రుమంటూ బండిని వెనక్కి పట్టి ఉంచింది. ‘బ్రేకు మీద కాలెట్టుకు కూర్చుంటే కిందకెళ్లేసరికి బ్రేకుండదండి. ఇక్కడ గేరే బ్రేకండి’ అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే. డ్రమ్ములు వేడెక్కితే బ్రేకు పట్టదు. చక్రం బిగుసుకుపోతే మట్టి మీద బండి పక్కకు జారుతుంది. ఆయన ఒక్క ముక్కలో చెప్పింది ఈ రెండింటి గురించే.

ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. అమ్మేవాళ్లు చాలాసార్లు చెప్పరు. జిమ్నీ, థార్, జిప్సీ వంటి బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు. బిగువంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి, రాడ్డు ఇరుక్కుపోయి వెనక్కి రాదు. అలాంటప్పుడు రాడ్డుతో కుస్తీ పట్టకుండా బండిని నాలుగడుగులు రివర్స్ తీస్తే బిగువు వదులుతుంది. మంచి తారు రోడ్డు మీద టూ హెచ్‌లోనే నడపాలి. హైవే మీద వాన పడేటప్పుడు నాలుగు చక్రాలు లాగితే బ్రేకు బాగా పడుతుందని అనుకోవడం ప్రమాదం. బ్రేకు అన్ని కార్లలోనూ నాలుగు చక్రాలకూ ఉంటుంది.

ఇంకొకటి. ఒక చక్రం గాల్లోకి లేస్తే బలమంతా అటే పోయి అది ఊరికే తిరుగుతుంది. జిమ్నీలో అలా తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి, బలాన్ని అవతలి చక్రానికి మళ్లిస్తుంది. థార్‌లో కొన్ని రకాలకు వెనక ఇరుసు దానంతట అదే లాక్ అవుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనక రెండిటినీ డ్రైవరే లాక్ చేసుకోవచ్చు. నిజంగా రాళ్లలో తిరిగేవారు తళతళలాడే టచ్ స్క్రీన్ కంటే ముందు దీని గురించి అడగాలి.

నల్లరేగడి ముందు మాత్రం అన్నీ ఒకటే. తొలకరికి తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండి గట్టిగా పట్టుకుంటుంది. నాలుగు నిమిషాల్లో టైరు నున్నటి చక్రమైపోతుంది. అప్పుడు నాలుగు చక్రాలూ లాగినా నాలుగూ కలిసి జారతాయి. కర్నూలు, ఆదిలాబాద్ రేగడి భూముల్లో ఆ వేళ బండి దిగి నడవడమే తెలివి.

పాత బండి కొనాలంటే

జిప్సీలు, మహీంద్రా మేజర్లు, క్లాసిక్‌లు, మిలట్రీ వేలంలో వచ్చిన జీపులు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వీటిలో మోసపోవడం తేలిక. కొత్త పెయింట్, నల్లటి పెద్ద టైర్లు, వరుస లైట్లు చూసి బేరం కుదుర్చుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే పెయింట్ ఎంత కొత్తగా ఉంటే అంత అనుమానించాలి.

ముందు కిందికి దూరాలి. నాకు తెలిసిన ఒక పాత మెకానిక్ జిప్సీ చూడ్డానికి వస్తే బానెట్ జోలికే పోడు. గోనెసంచి పరుచుకుని కింద పడుకుంటాడు. చేతిలో స్క్రూడ్రైవరు, చిన్న టార్చి. చాసిస్ మీద వెనక కమాన్ కట్టలు బిగించే చోట స్క్రూడ్రైవరు పిడితో తడతాడు. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది. లోపల తుప్పు తినేసినదైతే మొద్దుగా పలుకుతుంది. తర్వాత నేల రేకు, వెనక చక్రాల పైన రేకు మడత, ముందు అద్దం చట్రం అడుగు. జిప్సీకి తుప్పు మొదలయ్యే చోట్లు ఇవే. సముద్రతీరంలో తిరిగిన బండైతే ఇంకా నిదానంగా చూస్తాడు. రేకు మార్చుకోవచ్చు. చాసిస్ కుళ్లితే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దంటాడు.

అక్కడి నుంచి ముందు చక్రాల దగ్గరికి జరుగుతాడు. ఇరుసు చివర గుండ్రటి నకుల్ మీద వేలు రాసి చూస్తాడు. పలుచటి నూనె అంటితే లోపలి సీలు పోయినట్టు. హౌసింగ్ ఆయిల్ బయటికొచ్చి గ్రీజును కడిగేస్తోందన్న మాట. అక్కడి కింగ్‌పిన్ బేరింగులు అరిగితే నిర్దిష్టమైన వేగంలో స్టీరింగ్ గిలగిల కొట్టుకుంటుంది. చాలామంది దాన్ని వీల్ బ్యాలెన్సింగ్ సమస్య అనుకుని టైర్ల షాపు చుట్టూ తిరుగుతుంటారు.

ఇక అసలు పరీక్ష. ముందు రెండు చక్రాలనూ జాకీ మీద లేపుతాడు. పాత జిప్సీల్లో చాలావాటికి ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే హబ్ ఉంటుంది. దాన్ని ‘ఫ్రీ’లో పెట్టి చక్రం తిప్పితే చక్రమొక్కటే తిరగాలి. ‘లాక్’లో పెడితే దాంతోపాటు లోపలి షాఫ్టూ తిరగాలి. ఏళ్ల తరబడి ముట్టుకోని బండ్లలో ఈ హబ్బులు ‘ఫ్రీ’లోనే బిగుసుకుపోయి ఉంటాయి. అంటే రాడ్డు ఉంది, బ్యాడ్జి ఉంది, నాలుగు చక్రాల బలం మాత్రం లేదు. ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు చేత్తో పట్టి మెలితిప్పి క్రాసుల్లో ఆట ఉందేమో చూడాలి. హౌసింగ్ ప్లగ్ విప్పి నూనె రంగు చూడాలి. పాలు కలిపినట్టుంటే నీళ్లు దూరినట్టే. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే ఫోర్‌వీల్ వేసిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ మీద బిగువు పడుతుంది.

చివరికి మట్టి నేల మీద ఫోర్ ఎల్ వేసి గతుకుల్లో నడపాలి. రాడ్డు దానంతట అది జారి బయటికొస్తే లోపలి గేర్లు అరిగాయి. వణుకు వస్తే ట్రాన్స్‌ఫర్‌ను పట్టుకునే రబ్బర్లు చూడాలి. రబ్బర్లయితే చిన్న ఖర్చు. గేర్లయితే ఇంకొంత బేరమాడాలి.

కాగితాల్లో ఇంకో చిక్కు. పాత జీపుల్లో ఇంజిన్ మార్చినవి బోలెడు. పెట్రోలు తీసి డీజిలు పెట్టినవాటికి ఆర్సీలో ఆ మార్పు ఎక్కిందో లేదో చూడాలి. బండి మీది చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఆర్సీతో సరిపోవాలి. వేలంలో కొన్నదైతే సైన్యం ఇచ్చిన విడుదల కాగితం లేకుండా ముందుకెళ్లొద్దు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రానిదైతే ఎన్‌ఓసీ, ఇక్కడి పన్ను తప్పవు. ‘కాగితాలు తర్వాత చూసుకుందాం’ అన్న మాట వినపడితే అక్కడితో బేరం ఆపేయడం మేలు.

కొత్తదైతే లెక్క వేరు

కుటుంబంలో ఎంతమందో ముందు చూసుకోవాలి. జిమ్నీ, మూడు తలుపుల థార్ రెండిటిలోనూ నలుగురికే చోటు. అత్తామామలతో కలిసి ఐదో మనిషి ఉంటే ఈ బండ్లు సరిపోవు. థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది నరకం. జిమ్నీకి వెనక తలుపులున్నాయి గానీ సామాన్ల చోటు 208 లీటర్లే, రెండు సూట్‌కేసులు పెడితే నిండిపోతుంది. లీటరుకు 16.94 కిలోమీటర్లన్నది పరీక్షల్లో తేలిన మైలేజీ. కొండదారిలో, ఫోర్ ఎల్‌లో అది రాదు. ఇంట్లో ఇదొక్కటే కారు అయ్యే పక్షంలో రోజూ ఆఫీసుకు, నెలకోసారి ఊరికి తప్ప వేరే దారి లేనివాళ్లు ఈ సొమ్ముతో మంచి మామూలు కారు కొనుక్కోవడమే సుఖం. మూడు తలుపుల జిమ్నీకి 2018లో యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు వచ్చాయి. 2020 థార్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు ఇచ్చింది. ఎత్తైన బండి మలుపులో కారులా నిలబడదు. ఇల్లంతా కలిసి తిరిగేవాళ్లు ఇవీ చూసుకోవాలి.

పన్ను సంగతి నాకు మింగుడుపడదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకపోతే చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం. జిమ్నీ పొడవు 3,985 మిల్లీమీటర్లే, ఇంజిన్ మాత్రం 1,462 సీసీ. అందుకని 40 శాతం పడుతుంది. అదే పొడవున్న థార్‌లో వెనక చక్రాలు మాత్రమే లాగే 1500 సీసీ డీజిల్ రకానికి 18 శాతం. నాలుగు చక్రాలూ లాగే థార్‌కు ఇంజిన్ పెద్దది, మళ్లీ 40. గూర్ఖా కూడా అంతే. అంటే నగరంలో షోకుకు తిరిగే థార్‌కు తక్కువ పన్ను, కొండెక్కే బండికి ఎక్కువ. రాష్ట్రం వేసే లైఫ్ ట్యాక్స్ కూడా ధరను బట్టి పెరుగుతుంది కాబట్టి బరువు మీద బరువు.

కొన్నాక

నెలకోసారైనా మట్టి నేల మీద ఫోర్ హెచ్ వేసి రెండు కిలోమీటర్లు నడపాలి. ముందు ఇరుసులో నూనె తిరగాలి, సీళ్లు ఎండిపోకూడదు. ఈ బండ్లు వాడకపోతేనే పాడవుతాయి. నీళ్లలో దిగి వచ్చాక హౌసింగ్ ఆయిల్ చూసుకోవాలి. ఇసుకలో తిరిగొచ్చాక, ముఖ్యంగా సముద్రపు ఒడ్డున, అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగాలి.

ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి సగానికి దించితే టైరు పరుచుకుని బండి పైపైనే నడుస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు నింపుకోవడానికి చిన్న పంపు దగ్గర ఉండాలి. అయితే బీచ్ మీద బండి తోలే సరదా గురించి ఒక మాట. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ గూళ్లు ఇసుకలో పైకి కనిపించవు. ఒక రీలు కోసం ఒడ్డంతా చక్రాలు తిప్పితే కింద ఎన్ని గుడ్లు పోయాయో తోలినవాడికి తెలియనే తెలియదు. దయచేసి ఆ పని చేయకండి. అడవిలోనూ బాట వదిలి పక్కకు దిగొద్దు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఎత్తైన బండ్ల మీద నమ్మకంతో నీళ్లలోకి దిగినవాళ్లున్నారు. పారే నీరు రెండడుగులుంటే చాలు, బండిని తేల్చేస్తుంది. తేలిన బండికి నాలుగు చక్రాల బలం దేనికీ పనికిరాదు. తేలికైన బండి ఇంకా ముందే తేలుతుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, సిలిండర్‌లోకి దూరిన నీరు కనెక్టింగ్ రాడ్‌ను వంచేస్తుంది. మామూలు బీమాలో ఆ నష్టం సాధారణంగా రాదు. ఇంజిన్ రక్షణకు విడిగా యాడ్ ఆన్ తీసుకోవాలి.

మార్పుల మోజు మరీ పెద్ద ఖర్చు. ముందు కట్టే ఇనుప బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండికి రిజిస్ట్రేషన్ ఉండదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మరీ పెద్ద టైర్లు వేస్తే గేర్ల బలం తగ్గుతుంది, బేరింగులు త్వరగా పోతాయి. ఆ డబ్బుతో మంచి ఆల్ టెరైన్ టైర్లు, ఒక లాగుడు తాడు, పార, పంపు కొనుక్కోండి. చాలావరకు అవే ఇంటికి చేరుస్తాయి.

డోలీ దారికి ఈ బండి

ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఫొటో ఏటా వానాకాలంలో పేపర్లో చూస్తూనే ఉన్నాం. బైకుకు తొట్టి బిగించిన ఫీడర్ అంబులెన్సులు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చాయి. మంచి ఆలోచనే. కానీ వానలో కోసుకుపోయిన మట్టి దారిలో నొప్పులు పడుతున్న మనిషిని బైకు పక్కన కూర్చోబెట్టి తేవడం ఎంత కష్టమో నడిపేవాళ్లను అడిగితే తెలుస్తుంది. కాలిబాట మాత్రమే ఉన్న ఊరికి ఏ బండీ వెళ్లదు, నిజమే. జీపు వెళ్లేపాటి మట్టి దారి ఉండీ 108 రాలేని ఊళ్ల మాటేమిటి? అక్కడికి చేరగలిగేది ఇరుకైన, తేలికైన, ఫోర్ ఎల్ ఉన్న చిన్న బండే.

ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. బండి గురుగ్రామ్‌లో తయారవుతోంది. వెనక సీటు తీసి స్ట్రెచర్ బిగించేలా కంపెనీ నుంచే మార్పించి, ఆమోదం తీసుకోవచ్చు. వానాకాలం దారి తెగే పీహెచ్‌సీలకు ముందు ఇవ్వాలి. నడపడానికి ఆ కొండ దారుల్లో పుట్టిపెరిగిన జీపు డ్రైవర్లనే తీసుకోవాలి. ఆరోగ్య సేవకు కొనే ఫోర్‌వీల్ బండ్లకు జీఎస్టీ మండలిలో 40 శాతం పన్ను తగ్గించమని అడగాల్సింది రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు. లైఫ్ ట్యాక్స్ మినహాయింపు అయితే ఎవరినీ అడగక్కర్లేదు, ఆ జీవో వాళ్ల చేతిలోనే ఉంది.